వేలాపురిని మోసేవాళ్ళు

పున్నమి నాటి పోటు పొద్దుపొడుపుతోనే మొదలైంది. సముద్రం తన ఒడ్డున తాను నిలవలేనట్టు నురుగులు కక్కుతూ ఉప్పుటేటి నోట్లోకి దూరింది. ఆటు వేళ బురద తప్ప మరేమీ కనిపించని ఆ ఏరు చూస్తూండగానే ఇరుగట్లూ నిండి, పచ్చలు కరిగించి పోసినట్టు మెరిసింది. రెండు పక్కలా మడచెట్లు వేయి కాళ్ళ మీద నిలబడి, నీళ్ళలో తమ నీడలు తామే చూసుకుంటున్నాయి. కొమ్మల మీద కొంగలు, వేళ్ళ సందుల్లో నోళ్ళు తెరుచుకుని పడుకున్న మొసళ్ళు. దూరం నుంచి చూస్తే ఏవి దుంగలో, ఏవి మొసళ్ళో తెలియదు. దగ్గరికి వెళ్ళి తెలుసుకున్నవాళ్ళు తిరిగి వచ్చి చెప్పలేదు.

ఆ పోటు వీపెక్కి ఒక చిన్న పడవ వేలాపురి వైపు పోతోంది.

పడవలో ముగ్గురున్నారు. చుక్కాని పట్టుకున్నవాడు సరంగు నూకన్న. నడుమ చాప మీద ముడుచుకుని కూర్చున్నది గవరమ్మ అనే గుడ్డి ముసలమ్మ. ముందు కొసన అత్తరు పెట్టె మీద, జరీ తలపాగాతో, చెవిపోగులతో కూర్చున్న పడుచువాడు చూడటానికి అత్తరు వర్తకుడే. కాని ఆ పెట్టెలో పై అర మాత్రమే అత్తరు. కింది అరలో ఒరతో సహా కత్తి ఉంది. అతడు మాల్యగిరి ప్రభువు రెండవ కుమారుడు అరిందముడు.

ఏడాది కిందట అతని అన్న, యువరాజు పురంజయుడు, వేలాపురి సంత చూసి వస్తానని ఇదే ఏటి మీద బయలుదేరాడు. తిరిగి రాలేదు. వెతకబోయిన వేగులవాళ్ళూ రాలేదు. వేలాపురికి వెళ్ళి వచ్చిన వర్తకులను అడిగితే, అక్కడి పట్టు గురించి, పగడాల గురించి పొద్దుగూకేదాకా చెప్పేవాళ్ళు. యువరాజు మాట ఎత్తగానే నాలుక మింగినట్టు ఊరుకునేవాళ్ళు. చివరకు అరిందముడు తండ్రికి కూడా చెప్పకుండా, వేషం మార్చి, తానే ఈ పడవ ఎక్కాడు.

"ఓలమ్మ! గాలి మారింది నాయినా," అంది గవరమ్మ, ముఖం పైకెత్తి వాసన పీలుస్తూ. "దాలసెక్క వోసనొత్తంది. ఊరు దగ్గరికొచ్చీసినట్టుంది."

"ఒచ్చీసాం మామ్మా. ఇంకో రెండు మలుపులు," అన్నాడు నూకన్న. ఆమె మీద ఎండ పడుతోందని చుక్కాని కాలితో అదిమిపట్టి, తన కండువా తీసి ఆమె తల మీద కప్పాడు.

అరిందముడికి ఈ సరంగు మీద మంచి అభిప్రాయం కలిగింది. పొద్దున నూకన్న తన గంజిలో సగం, ఎండుచేపలో సగం అతనికి పెట్టాడు. ముసలమ్మను పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి పడవలో కూర్చోబెట్టాడు.

"వేలాపురిలో నీకేం పని అవ్వా?" అని అడిగాడు అరిందముడు.

"కళ్ళ యైద్యుడున్నాడంట బాబూ. ఏవో సుక్కలేత్తే సూపొచ్చీద్దంట. ఈ నూకన్నే సెప్పినాడు. కిరాయి కూడా ఒద్దన్నాడు, మంచోడు." ముసలమ్మ బోసినోటితో నవ్వింది. "నాకో మనవరాలుంది. దాని మొగం నాను సూడలేదు, యేళ్ళతో తడిమినానంతే. ముక్కు నాదేనంట. ఒక్కపాలి కళ్ళారా సూసేసి సచ్చిపోయినా పరవాలేదు."

నూకన్న తల తిప్పుకుని నీళ్ళలోకి ఉమ్మేశాడు.

"సరంగూ, నిరుడు ఇదే రోజుల్లో మాల్యగిరి యువరాజు ఈ దారిన వచ్చాడట. నువ్వు చూశావా?"

"ఎందరో ఎక్కుతారు బాబూ. మొగాలు గుర్తెట్టుకుంటే తెడ్డు ఎయ్యలేం," అన్నాడు నూకన్న.

రెండో మలుపు తిరిగింది పడవ. అరిందముడు లేచి నిలబడ్డాడు.

ఏటి నడిబొడ్డున, నీళ్ళ మీద తేలుతున్నట్టుగా ఒక మహానగరం! దాని కింద నేల లేదు. టేకుదూలాలు పరిచి, వాటి మీద పలకలు పరిచి, పలకల మీద మేడలు కట్టారు. పగడపు రంగు గోడలు, ఆల్చిప్పలు తాపడం చేసిన గోపురాలు, కిటికీ కిటికీకీ వేలాడే గాజుబుడ్ల తోరణాలు. ఎండ ఆ ఆల్చిప్పల మీద పడి ముక్కలై, ఏటి మీద ఏడు రంగుల్లో చెల్లాచెదరైంది. వెయ్యేళ్ళుగా నడుస్తున్న సంత అది. యవనుల ద్రాక్షసారా, సింహళపు ముత్యాలు, చీనా పట్టు, మాట్లాడే చిలకలు, మాట్లాడని బానిసలు, అన్నీ ఈ రేవులో దిగవలసిందే. నగరానికి ముందు, ఏటికి అడ్డంగా, రెండు రాతిమొసళ్ళు మూతులు కలిపి నిలబడినట్టు ఒక తోరణం. దాని మీద విలుకాండ్రు.

తోరణం కింద రాతి అరుగు మీద ఒక వృద్ధుడు కూర్చుని చేపపిల్లలకు మరమరాలు వేస్తున్నాడు. తెల్లని పంచె, మెడలో తులసిపూసలు. చూస్తే ఎవరికైనా తాతా అని పిలవాలనిపిస్తుంది. నవ్వినప్పుడు మాత్రం నోట్లోంచి నాలుక నల్లగా, బురదముద్దలా కనిపించింది.

"పంకజిహ్వుడు," అని గుసగుసలాడాడు నూకన్న. "ఊరంతా ఆ సామిదే. తల ఒంచు బాబూ."

వీళ్ళకు ముందు ఒక బియ్యం పడవ ఆగి ఉంది. పంకజిహ్వుడు ఎంతో ఆప్యాయంగా, "ఈ పోటుకు మీ పడవ కానుక ఎవరు నాయనా?" అని అడిగాడు. ఆ పడవలోని వాళ్ళు చేతులు కట్టిన ఒక మనిషిని లాక్కొచ్చి అరుగు మీద పడేశారు. ఆ మనిషి ఏడుస్తున్నాడు, ఎవరెవరినో పేర్లు పెట్టి పిలుస్తున్నాడు. వృద్ధుడు పక్కనున్న బంగారు గిన్నెలోంచి చిటికెడు నల్లని బురద తీసి అతని నుదుట బొట్టు పెట్టాడు.

బొట్టు పెట్టిన చోటునుంచి బూడిదరంగు పాకింది. నుదురు, చెంపలు, మెడ. అరుస్తున్న నోరు అరుస్తున్నట్టే బిగుసుకుంది. అరుపు సగంలో రాయి అయిపోయింది. రెప్పపాటులో అక్కడ మనిషి లేడు, భుజాలు వంచి మోకరిల్లిన రాతిబొమ్మ ఉంది. కాని ఆ బొమ్మ కళ్ళు! అవి రాయి కాలేదు. అటూ ఇటూ తిరుగుతున్నాయి. వాటిలోంచి నీళ్ళు కారుతున్నాయి.

భటులు ఆ బొమ్మకు మోకులు కట్టి, పలకల్లో ఒక తలుపు తెరిచి, ఊరి కిందికి దించారు.

"బురద మీద ఊరు కదా," అన్నాడు పంకజిహ్వుడు, మొదటిసారి వచ్చిన వర్తకుడికి ఓపికగా విడమరిచి చెబుతున్నట్టు అరిందముడి వైపు చూసి. "ప్రతి పున్నమికీ కాస్త కుంగుతుంది. మోయడానికి కొత్త భుజాలు కావాలి. పడవకొక మనిషి. మిగిలినవాళ్ళు హాయిగా సంత చేసుకోవచ్చు. ఏం నూకన్నా, ఈసారి ఎవరిని తెచ్చావు?"

"ఈ ముసల్దాన్ని సామీ," అన్నాడు నూకన్న. వెంటనే గవరమ్మ వైపు తిరిగి, గొంతులో తేనె పోసుకుని, "లెగు మామ్మా. యైద్యుడి ఇల్లొచ్చింది. సెయ్యి అందుకో," అన్నాడు.

ముసలమ్మ రెండు చేతులూ చాచి లేచింది.

అరిందముడు అత్తరు పెట్టె వైపు చూశాడు. కత్తి పెట్టె అడుగున ఉంది. తోరణం మీద విలుకాండ్రు బాణాలు సంధించి ఉన్నారు. తిరగబడితే ముగ్గురూ పోతారు, అన్న జాడ ఇక ఎన్నటికీ తెలియదు. ఊరుకుంటే ఈ అవ్వ పోతుంది. ఆలోచించడానికి వ్యవధి లేదు. అతడు ఒక్క గెంతులో నూకన్న మెడ ఒడిసిపట్టి, అరుగు మీదికి ఈడ్చి, "మా పడవ కానుక ఇతడు," అన్నాడు.

తోరణం మీద ఎవరో పకపకా నవ్వారు.

"బాబూ! బాబూ!" నూకన్న గిలగిలా కొట్టుకున్నాడు. "నానేటి సేసినాను? నానియ్యకపోతే నన్నే అట్టుకుంటారు. నాకు కూతురుంది బాబూ!"

"ఆమెకు మనవరాలుంది."

"తిరిగి ఎలా పోతావు? ఈ మడల్లో దారి నాకొక్కడికే తెలుసు. నాను లేకపోతే నువ్వు ఇక్కడే సస్తావు!"

పంకజిహ్వుడు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కోడిపందెం చూసేవాడి ముఖంలోని సంతోషం అతని ముఖంలో కనిపించింది. "నాకు ఎవరైనా ఒకటే. ముసలి భుజాలకంటే తెడ్డేసిన భుజాలు మేలు," అని గిన్నెలో వేలు ముంచాడు.

నూకన్న అరిందముడి ముంజేతిని రెండు చేతులా పట్టుకున్నాడు. రాయి అయ్యేటప్పుడు కూడా వదలలేదు. చల్లబడిన వేళ్ళలోంచి అరిందముడు తన చేతిని లాక్కోవలసి వచ్చింది. చర్మం ఒలిచిపోయింది.

"ఏటి బాబూ ఆ సప్పుడు? నూకన్న ఏడీ?" అంది గవరమ్మ, పోటు హోరులో మాటలు తెలియక, చేతులు ఇంకా చాచుకునే.

"వైద్యుణ్ణి పిలవడానికి వెళ్ళాడు అవ్వా."

"మంచోడు," అంది ముసలమ్మ, మళ్ళీ చాప మీద కూర్చుంటూ.

అరిందముడు తానే గెడ వేసి పడవను రేవు చివరకు చేర్చి, గుంజకు కట్టాడు. ఎవరు పిలిచినా, ఏం చెప్పినా పడవ దిగవద్దని ముసలమ్మ చేత ఒట్టు వేయించుకున్నాడు. పెట్టె అడుగునుంచి కత్తి తీసి, ఉత్తరీయం చాటున నడుముకు బిగించి ఊళ్ళో అడుగు పెట్టాడు.

సంత పొంగిపొర్లుతోంది. ఒక వీధి నిండా పట్టుచీరలు జెండాల్లా ఎగురుతున్నాయి. మరో వీధి అంతా అద్దాలు. అందులో నడిచేవాడికి తాను వందమందినన్న భ్రమ కలుగుతుంది. కస్తూరి, కుంకుమపువ్వు, మిరియాలు, వేయించిన రొయ్యలు, అన్ని వాసనలూ కలిసి మత్తెక్కిస్తున్నాయి. ముత్యాలు కుంచాలతో కొలుస్తున్నారు. సన్నాయి ఊదేవాళ్ళు, పాములాడించేవాళ్ళు, నిప్పులు మింగేవాళ్ళు. తల్లులు పిల్లలకు చెరకుముక్కలు కొనిపెడుతున్నారు. ఎంత కళగా ఉందో అంత ఒళ్ళు జలదరించేలా ఉంది. పలకల సందుల్లోంచి, అప్పుడప్పుడు, గొంతులో నీళ్ళు నిండినవాడు మూలిగినట్టు ఒక చప్పుడు పైకి వస్తోంది. ఊరివాళ్ళెవరూ దాన్ని విన్నట్టే లేరు. ఒక ఇల్లాలు గుమ్మంలోకి వచ్చి మరుగుతున్న గంజి పలకల సందులోంచి కిందికి పోసింది. కింద ఏదో విలవిల్లాడిన శబ్దం. ఆమె ఖాళీ గిన్నె దులిపి లోపలికి పోయింది.

ఆయుధాల వీధిలో ఒక కొట్టు ముందు అరిందముడి కాళ్ళు ఆగిపోయాయి. గోడకు ఒక డాలు వేలాడుతోంది. డాలు మీద పురివిప్పిన రెండు నెమళ్ళు. అది మాల్యగిరి రాజచిహ్నం.

కొట్టు యజమాని మాణిభద్రుడు, నలుగురు మనుషుల లావున్నవాడు, తమలపాకులు నములుతూ లేచి వచ్చాడు. "మంచి సరుకు! ఖడ్గమృగం తోలు. రాచబిడ్డ వాడిన డాలు."

"ఆ రాచబిడ్డ ఏమయ్యాడు?" అరిందముడు అడిగాడు.

"ఎక్కడికీ పోలేదు! నువ్వు నిలబడిన చోటికి సరిగ్గా కిందే ఉన్నాడు." మాణిభద్రుడు పొట్ట ఊగేలా నవ్వి, కాలితో ఒక పలక పక్కకు జరిపి, సందులోంచి ఎర్రగా ఉమ్మేశాడు. "మా కొట్టుకు ఆధారం అతడే. ఏం భుజాలనుకున్నావ్! పక్క కొట్టువాళ్ళకు ముసలి స్తంభం దొరికింది, పాపం, వాళ్ళ నేల ఎప్పుడూ ఒరిగే ఉంటుంది. నాది చూడు, నీళ్ళు పోస్తే కదలవు. కావాలంటే ఆటు వేళ దిగి చూసిరా. మెట్లున్నాయి. మా పిల్లలు రోజూ దిగి వాళ్ళ కళ్ళలో పుల్లలు పొడుస్తూ ఆడుకుంటారు."

అరిందముడి చెయ్యి కత్తి పిడి మీదికి పోయింది. ఆ చేతిని రెండో చేత్తో పట్టి ఆపి, "చూసి వచ్చాక బేరం మాట్లాడుకుందాం," అని కదిలాడు.

పొద్దు పడమటికి వాలింది. ఏరు బురద తేలేదాకా వెనక్కి తీసింది. అరిందముడు కొట్టు వెనకనున్న పాకుడు మెట్ల మీదుగా ఊరి కిందికి దిగాడు.

పైన పగలు, కింద ఆకుపచ్చని చీకటి. పలకల సందుల్లోంచి వెలుతురు దారాల్లా దిగుతోంది. ఆ వెలుతురులో, కనుచూపు మేర, వరసలు వరసలుగా మనుషులు. మోకాళ్ళ దాకా బురదలో నిలబడి, మెడలు వంచి, భుజాల మీద, వీపుల మీద, చేతుల మీద ఊరిని మోస్తున్న రాతి మనుషులు. ఆడవాళ్ళున్నారు, మగవాళ్ళున్నారు. చంకలో బిడ్డతోనే రాయి అయిన తల్లి ఉంది. పాతవాళ్ళ ఒంటి నిండా ఆల్చిప్పలు మొలిచాయి, కళ్ళలో పీతలు గూళ్ళు కట్టాయి. రోజుకు రెండుసార్లు పోటు వచ్చి వాళ్ళను ముంచుతుంది. ఊపిరాడదు, చావు రాదు. ఆటు వచ్చినప్పుడు మాత్రం పెదవులు కాస్త కదులుతాయి. అప్పుడు వాళ్ళ మూలుగుల్లో మాటలు వినిపిస్తాయి.

అరిందముడు బురదను ఈడ్చుకుంటూ వాళ్ళ నడుమ నుంచి నడిచాడు. వందల కళ్ళు అతని వెంట తిరిగాయి.

మాణిభద్రుడి కొట్టు కింద, పెద్ద దూలాన్ని ఎడమ భుజాన మోస్తూ పురంజయుడు నిలబడి ఉన్నాడు. ముఖమంతా ఎర్రని ఉమ్మి చారలు కట్టి ఎండిపోయింది.

"అన్నయ్యా!"

రాతిముఖంలోని నల్లగుడ్లు మెల్లగా అతని మీదికి తిరిగాయి. పెదవులు, తిరగలి తిరిగినట్టు గరగరలాడుతూ, కదిలాయి.

"తమ్ముడూ... అరిందమా... నువ్వేనా?"

అరిందముడు ఉత్తరీయంతో అన్న ముఖం తుడిచాడు. ఎంత తుడిచినా ఎరుపు పోలేదు. "నేనే అన్నయ్యా. నిన్ను తీసుకుపోవడానికి వచ్చాను. ఎలా విడిపించాలో చెప్పు. ఆ మాంత్రికుడి తల కావాలా? ఆ గిన్నె కావాలా?"

"అవన్నీ తరవాత. ముందు కాస్త ఊపిరి..." అన్నాడు పురంజయుడు. "ఏడాదిగా ఒక్క క్షణం భుజం దించలేదు. ఆ దూలానికి నీ భుజం పట్టు తమ్ముడూ. ఒక్క క్షణం. అమ్మ పాలు తాగినవాడివైతే పట్టు."

అరిందముడు ముందూ వెనకా చూడలేదు. దూలం ఎత్తుగా ఉంది. విరిగిన పాతగుంజ మొదలు ఒకటి బురదలోంచి పొడుచుకు వచ్చి ఉంటే, దాని మీద కుడికాలు మోపి, ఎడమకాలు బురదలో దిగేసి, దూలం కింద భుజం పెట్టి ఎత్తాడు.

కొండ నెత్తిన పడ్డట్టయింది. వెన్నెముక పటపటలాడింది. కాని మరుక్షణమే అతని కళ్ళు ఆనందంతో మెరిశాయి. అన్న భుజాన రాయి కరుగుతోంది! బూడిదరంగు జారిపోయి కింద గోధుమరంగు చర్మం బయటపడుతోంది. ఛాతీ, నడుము, తొడలు. పురంజయుడు పెద్దగా ఊపిరి పీల్చి, దగ్గి, బురదనీళ్ళు కక్కి, మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"అన్నయ్యా! విడుదలయ్యావు! లే, పైకి వెళ్ళి..."

మాట మధ్యలో ఆగింది. ఎడమకాలి వేళ్ళు చల్లబడ్డాయి. కదల్చబోతే కదలలేదు.

పురంజయుడు లేచి నిలబడ్డాడు. తమ్ముడి తలపాగా తీసి తన తలకు చుట్టుకున్నాడు. ఉత్తరీయం లాగి ఒళ్ళంతా కప్పుకున్నాడు. నడుమునున్న కత్తి దూసుకున్నాడు. అవన్నీ తొందర లేకుండా, అంతఃపురంలో ముస్తాబయ్యేవాడిలా చేశాడు.

"తన ఇష్టంతో భుజం పట్టినవాడికే భారం మారుతుంది," అన్నాడు. "నీ ముందు చాలామందిని బతిమాలాను. నన్ను వెతకడానికి వచ్చిన మన వేగులవాణ్ణి కూడా. ఎవరూ దగ్గరకు రాలేదు."

"అన్నయ్యా, నేను నీ తమ్ముణ్ణి!"

"అందుకే నువ్వు వచ్చావు," అన్నాడు పురంజయుడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా కాళ్ళు మెట్ల వైపే నడిచాయి. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

అరిందముడు భుజం లాక్కోబోయాడు. ఎడమపాదం బురదలో వేరు పాతుకున్నట్టుంది. దూరంగా ఏటిలో బుసబుసమని చప్పుడు. ఆటు ముగిసి, మళ్ళీ పోటు తిరిగింది. నీళ్ళు పాముల్లా స్తంభాల మధ్య నుంచి పాకి వస్తున్నాయి.

"కుడికాలు కదులుతోందా?"

అరిందముడు ఉలిక్కిపడ్డాడు. పక్కనున్నది ఆల్చిప్పలు పట్టిన బండ అనుకున్నాడు. బండలో రెండు కళ్ళు తెరుచుకున్నాయి. గొంతు ఆడమనిషిది, ఆజ్ఞలు ఇచ్చి అలవాటైన గొంతు.

"కదులుతోంది. ఎవరు నువ్వు తల్లీ?"

"వేలావతిని."

ఊరు ఎవరి పేరు మీద వెలసిందో ఆ రాణి! వెయ్యేళ్ళ నాటి మనిషి!

"ఊరు మునుగుతుంటే మొదట నిలబడ్డది నేనే. నా ఇష్టంతో నిలబడ్డాను. ఆ తరవాత ఎవరి ఇష్టమూ అడగలేదు వాళ్ళు," అంది ఆమె. "నీ కుడికాలు మొద్దు మీద ఉంది కనుక బతికిపోయింది. భారం మోసేటప్పుడు బురద తాకిన కాలే రాయి అవుతుంది. ఎడమది ఎంతవరకు వచ్చింది?"

"సగం పాదం."

"మడమ దాటితే నువ్వు మాలో ఒకడివి. రాయీ మాంసమూ కలిసే చోటు కాసేపు పచ్చికుండలా ఉంటుంది. గట్టిగా కొడితే విరుగుతుంది. సగం పాదం వదిలెయ్యి."

అరిందముడు చుట్టూ చూశాడు. కత్తి లేదు. గుంజమొదలు పక్కన, ఏ పాత స్తంభం నుంచో విరిగిపడిన రాతిచెయ్యి ఒకటి, ముంజేతి దాకా, పిడికిలి బిగించుకుని పడి ఉంది. భుజం దూలం కింద నుంచి తీయకుండానే చెయ్యి చాచి దాన్ని అందుకున్నాడు.

"నేను తప్పుకుంటే పైన వీధి?"

"కూలుతుంది."

"పైన పిల్లలున్నారు తల్లీ!"

"నా ఒడిలోనూ ఉన్నారు," అంది రాణి. అప్పుడు చూశాడు అరిందముడు. ఆమె చుట్టూ గుండ్రంగా నిలబడ్డ స్తంభాల్లో మూడో నాలుగో మరీ పొట్టివి.

చన్నీళ్ళు ఎడమ మోకాలిని తాకాయి. అరిందముడు తల పైకెత్తి, గొంతు చించుకుని అరిచాడు. "పైవాళ్ళారా! వీధి కూలిపోతోంది! పిల్లల్ని తీసుకుని పడవల్లోకి పరుగెత్తండి! పారిపోండి!"

పైన అడుగుల చప్పుడు ఆగింది. పలక ఒకటి పక్కకు జరిగింది. సందులో మాణిభద్రుడి గుండ్రని ముఖం కనిపించింది.

"విన్నారా? మా కొత్త స్తంభానికి గొంతు కూడా ఉంది!" అని ఎవరికో చెప్పి పకపకా నవ్వాడు. చుట్టూ ఇంకా చాలామంది నవ్వారు. పిల్లలు కూడా. సందులోంచి ఎర్రని ఉమ్మి వచ్చి అరిందముడి చెంప మీద పడింది. పలక మళ్ళీ మూసుకుంది.

రాయి మడమ అంచును తాకింది.

అరిందముడు పళ్ళు బిగించి, రాతిపిడికిలిని రెండు చేతులా తల మీదికి ఎత్తి, తన పాదం మీదికి దించాడు. పెళ్ళుమంది. కళ్ళ ముందు లోకమంతా తెల్లబారింది. కాలు బురదలోంచి ఊడివచ్చింది, నీళ్ళు ఎర్రబడ్డాయి, భుజం దూలం కింద నుంచి జారిపోయింది. అతడు గుంజమొదలును కౌగిలించుకుని వేలాడాడు.

ఒక్క క్షణం ఏమీ జరగలేదు.

ఆ తరవాత దూలం మధ్యకు విరిగింది. మొదట దుమ్ము రాలింది, తరవాత వెలుతురు, తరవాత మనుషులు.